కనిపెట్టు కూటం

సూరత్,
14 జూన్ 2020, ఆదివారం

మా ఆడబిడ్డ భాగీరథికి,

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. ఈ రోజుల్లో ఆ మాటకు పూచీ ఇవ్వలేను. ఉదయం పదకొండింటి వరకు ఇద్దరం క్షేమం. ఆ తర్వాతి సంగతి ఈ కాగితానికి తెలియదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న నువ్వు ఫోన్ చేసి "ఆయనకు జరం తగ్గింది వదినా" అన్నావట. నాకు జీతం తగ్గిందని వినపడింది. "తగ్గనీ, అప్పుడన్న బుద్ధొస్తది" అన్నాను. నువ్వు ఫోన్ పెట్టేసి పది రోజులు అలిగావు. మీ అన్న చెప్పేదాకా ఎందుకలిగావో కూడా నాకు తెలియదు. మరమగ్గాల సాంచెల పక్కన ఇరవై రెండేళ్ళు నిలబడ్డ చెవులు నావి. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది తనకిష్టమైనప్పుడు పనిచేస్తుంది. ఇక నుంచి ఏదున్నా కాగితం మీదే. కాగితం మీద జ్వరమంటే జ్వరమే, జీతమంటే జీతమే. పొరపాటుకు తావుండదు. అయితే ఒకటి, రాసేటప్పుడు నాకు పుస్తకాల తెలుగు వస్తుంది. సండే స్కూల్లో పదిహేనేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన పాపం అది, భరించు.

మా మందిరం ఎలా ఉందని అడిగావు. మార్చిలో మూతపడింది. నలభై కుర్చీల సంఘంలో సగం మంది రైళ్ళూ లారీలూ ఎక్కి ఊళ్ళకు పోయారు. ఉన్న సగం గడప దాటరు. పాస్టరుగారు పెళ్ళికని కరీంనగర్ పోయి అక్కడే చిక్కుకున్నారు. ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్లో వాక్యం చెబుతారు. పోయిన వారం ఓర్పు గురించి నలభై నిమిషాలు చెప్పారు. మైకు ఆన్ చేసుకోవడం మరిచిపోయారు. ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివర మీ అన్న "ఆమెన్" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకైతే మామూలు ప్రసంగానికీ దానికీ తేడా తెలియలేదు. సంస్కారపు భోజనానికి ఇంట్లో ఉన్నవే వాడుకోమన్నారు. రొట్టెకు బదులు ఖాఖరా, ద్రాక్షరసానికి బదులు కోకం షర్బత్. ఇన్నేళ్ళుగా సూరత్‌లో ఉన్న ప్రభువే కదా, సర్దుకుంటాడులే.

బాధంతా హాలు గురించే. సలాబత్‌పురాలో సాంచెల కార్ఖానా మీది అంతస్తు నువ్వు చూశావు. కార్ఖానా సేఠ్ వాళ్ళమ్మకు మీ అన్న రెండుసార్లు రక్తమిచ్చాడని ఆయన పదేళ్ళుగా ఊరికే వాడుకోనిస్తున్నాడు. ఆయన మాట ఒక్కటే: ఆదివారం ఆదివారం తెరిచి ప్రార్థన చేసుకున్నంత కాలం మీది, మూతపడితే నా చీరల గోదాం. మీ అన్న లస్మయ్యకు సంఘపెద్ద అని పేరు పెట్టినప్పటి నుంచి ఆ హాలే ప్రాణం. మా ఇంటి కప్పు కారితే రేపు చూద్దామంటాడు, హాలు కప్పు కారితే అప్పుడే నిచ్చెనెక్కుతాడు. లాక్‌డౌన్‌లో తాళంచెవి పట్టుకొని బయల్దేరబోతే వాకిట్లో ఆపాను. అరవై రెండేళ్ళ షుగరు మనిషి. నా తల మీద చెయ్యి పెట్టి హాలుకు పోనని ఒట్టేయమన్నాను. "ఒట్లు పెట్టద్దని వాక్యంల ఉన్నదే" అన్నాడు. "వాక్యం సంగతి నేను చూసుకుంట, ముందుగాల చెయ్యి పెట్టు" అన్నాను. పెట్టాడు. సేఠ్‌తో ఫోన్లో మాట్లాడానని, ఆయన ఆగుతానన్నాడని మీ అన్న చెప్పాడు. ఆగకపోతే గోదామే అవనీ. నాకు మొగుడు కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. మూడు వారాలుగా మీ అన్న ఆదివారం తొమ్మిదిన్నరకు తలకు నూనె రాసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, కూరగాయలకని పోతున్నాడు. పన్నెండున్నరకు వస్తాడు. చేతిలో ఒక్క సొరకాయ. మూడు గంటలకు ఒక్క సొరకాయ! అడిగితే "మార్కెట్ల లైనున్నది" అంటాడు, అదీ నా ఎడమ చెవి వైపు నిలబడి అంటాడు. నేను గొడవ పెట్టుకోలేదు. కనిపెట్టుకొని ఉన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

నరహరి అన్నయ్యకు జ్వరం తగ్గినందుకు సంతోషం. జీతం తగ్గనందుకు ఇంకా సంతోషం.

నీ చెవిటి వదిన,
స్వరాజ్యం

---

బార్డోలీ,
5 జూలై 2020

వదినా,

నీ ఉత్తరం పంతొమ్మిది రోజులకు చేరింది. ముప్పై కిలోమీటర్ల దూరం! మా మిల్లుకు వచ్చే చెరకు బండి ఎద్దులకిచ్చినా మూడో రోజుకు తెచ్చి పెట్టేవి. పోస్టుమాన్ గేటు మీద నుంచి విసిరేసి పరుగెత్తాడు. మా ఆయన దాని మీద శానిటైజర్ కొట్టి తీగ మీద ఆరేశాడు. నీ అక్షరాలన్నీ ఏడ్చినట్టు కారిపోయాయి. అయినా చదవాల్సింది చదివాను.

కనిపెట్టుకొని ఉన్నానని అంత చల్లగా ఎలా రాశావే తల్లీ! ఏం కనిపెట్టావు? ఎవరామె?

నేను మా ఆయన మీద ఒక్క పూట కన్నేసి ఉంచితే రెండో పూటకే గల్లా పట్టుకొని అడిగేస్తాను. నువ్వు మూడు వారాలు కనిపెట్టుకొని కూర్చున్నావా? దేనికి? ముహూర్తం కోసమా? ఇస్త్రీ చొక్కా అని రాశావు చూడు, అక్కడే నా గుండె జారింది. మా అన్న తన పెళ్ళికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. పక్కన నిలబడ్డదాన్ని నేనే, సాక్ష్యం చెబుతాను.

మతం మారినప్పుడు మా అమ్మ ఏడ్చింది గానీ నేను ఏడవలేదు. సారా మానేశాడు, చాలు అనుకున్నాను. సారా మాని ఇది పట్టాడా? ఛీ! నాకు పేరు రాయి. పేరు, పేట, ఏ సందు. మిగతాది నేను చూసుకుంటాను. బస్సులు తిరగనీ.

మా ఆయన మాత్రం "మీ అన్నకు గంత సీను లేదు" అంటున్నాడు. మగవాళ్ళంతా ఒకటే.

కోపంతో,
నీ ఆడబిడ్డ భాగీరథి

---

సూరత్,
8 జూలై 2020

భాగీ,

నీ జవాబు ఇంకా రాలేదు. తపాలా వాళ్ళకు కూడా ఓర్పు నేర్పించే భాగ్యం కలిగినట్టుంది. ఊరుకోలేక మళ్ళీ రాస్తున్నాను.

సొరకాయలు ఆగలేదు. సొరకాయ పప్పు, సొరకాయ పులుసు, సొరకాయ పచ్చడి అయిపోయాయి. ఇక్కడి వాళ్ళలా హల్వా చేద్దామని చూస్తే మీ అన్నకు షుగరు. చీరల దారాలు కత్తిరించే పని మళ్ళీ మొదలైంది, మూటలు ఇంటికే తెచ్చి పడేస్తున్నారు. కూర్చుని కత్తిరిస్తూ ఉంటే ఆలోచనలూ అలాగే తెగి ఒళ్ళో పడుతున్నాయి.

పాస్టరుగారు ప్రతి శుక్రవారం సాయంత్రం కనిపెట్టు కూటం పెట్టారు, ఫోన్లోనే. సంఘమంతా, కరీంనగర్‌లో ఉన్నవాళ్ళతో సహా, గంటసేపు నోరు మూసుకొని కనిపెట్టాలి. నాకు బాగా కుదిరింది, ఇందులో వినాల్సిందేమీ లేదు. అందరూ ఎవరి సంగతి వాళ్ళు తలచుకుంటారు. నేను మీ అన్న గురించే కనిపెడుతున్నానని ఎవరికీ చెప్పలేదు. కానీ పాస్టరమ్మకు అనుమానం వచ్చినట్టుంది.

పద్మారాణి గుర్తుందా? ఆల్థాన్‌లో ఇడ్లీ సెంటర్ నడుపుతుంది, అప్పట్లో మా పాటల గుంపుకు పెద్ద. మూడేళ్ళ కింద అందరి ముందూ "అక్కా, నువ్వు పాడకు, పెదాలు కదిలియ్యి సాలు, శ్రుతి సెడుతున్నది" అంది. వినపడకపోయినా బాగుండేది. ఆ రోజే నా కుడి చెవికి పని చేయాలనిపించింది. నేనూరుకుంటానా? "నీ ఇడ్లీతోటి గోడకు మేకు కొట్టచ్చు, ముందుగాల దాని శ్రుతి సూస్కో" అన్నాను. ఆ ఆదివారమే ఆమె వచ్చిన ఆఖరి ఆదివారం. ముందు నేను మాట్లాడాలని ఆమె కనిపెడుతోందట. ముందు ఆమె మాట్లాడాలని నేను కనిపెడుతున్నాను. ఎవరి ఓర్పు గొప్పదో ప్రభువే తేల్చాలి. మీ అన్న మాత్రం ఆమెకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు, సంఘపెద్ద కదా.

నీ నుంచి ఒక్క కాగితం ముక్క వచ్చినా చాలు.

ఆరో సొరకాయ పక్కన కూర్చొని,
స్వరాజ్యం

---

బార్డోలీ,
27 జూలై 2020

వదినా,

నీకు మతి ఉందా?

సంఘమంతా కూడి శుక్రవారం శుక్రవారం మా అన్నను కనిపెడుతున్నారా! కరీంనగర్ నుంచి కూడానా! ఇంటి గుట్టు తీసుకుపోయి పాస్టరు చేతిలో పెట్టావా? పైగా దానికొక కూటమా? మా కులపోళ్ళ పంచాయితీ కూడా ఇంత దూరం పోదు కదమ్మా. అక్కడైతే ఐదుగురు పెద్దమనుషులు చాయ్ తాగి తేల్చేస్తారు.

దొరికింది పేరు. పద్మారాణి. నేను అడక్కముందే నువ్వే రాశావు. ఆల్థాన్, ఇడ్లీ సెంటర్, అప్పుడప్పుడు ఫోన్లు. నువ్వు ఎంత అమాయకురాలివంటే, దొంగ పేరు చెప్పి, దొంగ ఇంటి అడ్రసు చెప్పి, ఆమె శ్రుతి గురించి బాధపడుతున్నావు! మా అన్నకు ఇడ్లీ అంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా? చిన్నప్పుడు నా ప్లేట్లోవి కూడా తినేవాడు. "ఆమె కూడా కనిపెడుతోంది" అని రాశావు. ఆమె ఎందుకు కనిపెట్టదు? నువ్వు ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటావో చూస్తోంది.

మా ఆయన కూడా ఇప్పుడు నవ్వడం మానేశాడు. ఆల్థాన్ మార్కెట్లో సొరకాయలు లేతగా ఉంటాయట. అదీ కుదిరింది.

సూరత్ బస్సులు మళ్ళీ ఆపేశారు. లేకపోతే ఈపాటికి ఆ ఇడ్లీ పాత్ర రోడ్డు మీద ఉండేది.

పళ్ళు కొరుకుతూ,
భాగీరథి

---

సూరత్,
16 ఆగస్టు 2020, ఆదివారం

ఓసి పిచ్చిదానా,

నీ రెండు ఉత్తరాలూ మొన్న ఒక్కసారే వచ్చాయి. చదివి నవ్విన నవ్వుకు ఆయాసం వచ్చింది. పక్కింటి బాలవ్వ కిటికీలోంచి చూసి నాకు దమ్ము ఆడటం లేదనుకొని అంబులెన్సుకు ఫోన్ చేయబోయింది. చేతులు జోడించి ఆపాను.

కనిపెట్టడమంటే మా మందిరంలో ఎదురుచూడటం, భాగీ! ప్రభువు పని చేసేదాకా ఓపికగా కాచుకొని ఉండటం. కూపీ లాగడం కాదు. కనిపెట్టు కూటమంటే అందరూ కళ్ళు మూసుకొని ఎదురుచూసే కూటం. మీ అన్నే వచ్చి ఆ సొరకాయ సంగతి చెబుతాడని నేను ఎదురుచూస్తున్నానని రాశాను. నువ్వు నన్ను పోలీసును చేశావు, పాస్టరుగారిని ఇన్‌స్పెక్టరును చేశావు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వాడుతున్నాను, బయటివాళ్ళకు అది ఎలా వినిపిస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. కాగితం మీద పొరపాటుకు తావు లేదన్నాను కదూ. చెంపలేసుకున్నాను.

ఇదంతా మొన్నటి మాట. ఈ రోజు పన్నెండో సొరకాయ వచ్చింది.

దాన్ని కోస్తూ కూర్చుంటే నవ్వు పోయి భయం వేసింది. నీతో అబద్ధమెందుకు? ఈ మనిషి నాతో చెప్పేవాటిలో సగం నాకు వినపడవు. రెండుసార్లు చెబుతాడు, మూడోసారి "ఏం లేదులే" అంటాడు. ఆ ఏం లేదులే మాటలన్నీ ఎవరితోనో చెప్పుకోవాలి కదా. చెవులున్న మనిషితో, శ్రుతి తెలిసిన మనిషితో. పద్మారాణికి నాకంటే పద్నాలుగేళ్ళు తక్కువ. ఇది రాయడానికి సిగ్గేసింది, అయినా రాశాను.

ఎదురుగా అడగలేను. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. శుక్రవారం కళ్ళు మూసుకుంటే ప్రభువు కనిపించడం లేదు, ఇస్త్రీ చొక్కా కనిపిస్తోంది.

మా అర్థంలో కనిపెట్టింది చాలు. బస్సులు తిరిగాక నువ్వు రా. నీ అర్థంలో కనిపెట్టు.

స్వరాజ్యం

---

బార్డోలీ,
19 అక్టోబరు 2020

వదినా,

నిన్న సూరత్ వచ్చాను. మీ ఇంటికి రాకుండానే పోయానని తిట్టకు. వస్తే నా ముఖం చూసి నువ్వు కనిపెట్టేసేదానివి, నా అర్థంలో.

తొమ్మిదింటికే మీ సందు చివర పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాను. ముఖానికి మాస్కు, దాని మీద చున్నీ. మా అన్న నా పక్క నుంచే పోయాడు, గుర్తుపట్టలేదు. ఈ రోగం దొంగలకూ పనికొచ్చింది, పోలీసులకూ పనికొచ్చింది. ఆయన షేర్ ఆటో ఎక్కాడు, వెనకాల ఆటోలో నేను. ఆల్థాన్ వైపు తిరుగుతుందనుకున్నాను, తిరగలేదు. సలాబత్‌పురాలో దిగాడు. మీ హాలు మెట్లెక్కాడు.

ఓహో, ఇక్కడ కలుస్తారా అనుకొని చెప్పు చేతిలోకి తీసుకున్నాను. నిజంగానే, వదినా. పైకి పోయి తలుపు సందులోంచి చూశాను.

ఒక్కడే ఉన్నాడు. కుర్చీలు వేస్తున్నాడు. నలభై కుర్చీలూ గోడ దగ్గర నుంచి ఒక్కొక్కటి తెచ్చి, గుడ్డతో తుడిచి, వరుసలుగా వేశాడు. నడుం పట్టుకొని కాసేపు ఆగాడు. తర్వాత ఒక్కో కుర్చీ దగ్గర నిలబడి, వీపు మీద చెయ్యేసి, పేరు పిలిచాడు. పిలిచి, కొంచెంసేపు ఆగి, ఇంకో కుర్చీకి పోయాడు. మా అన్నకు పిచ్చి పట్టిందనుకొని లోపలికి ఉరికాను.

"ఏంది అన్నా ఇది?"

చెప్పు నా చేతిలోనే ఉంది. దాన్ని చూసి, నన్ను చూసి, "హాజరు తీస్తున్న. ఊరికి వోయినోళ్ళు మల్లొచ్చేదాంక కుర్సీలు సల్లగ కావద్దు" అన్నాడు. సేఠ్ ఆగుతానని అనలేదట. ఆయన పాత మాట మీదే ఉన్నాడు: లాక్‌డౌన్ సడలాక ఒక్క ఆదివారం మూతపడినా గోదామే. అందుకని వారం వారం వచ్చి తెరుస్తున్నాడు.

"వదినె నెత్తి మీద ఒట్టు పెట్టినవ్ గద?"

"గా ఒట్టు మొగడు పెట్టిండు. ఈడికొచ్చేటోడు సంఘపెద్ద" అన్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. చెప్పు తొడుక్కున్నాను.

సొరకాయ కూడా అక్కడిదే. డాబా మీద సేఠ్ వాళ్ళమ్మ పెట్టిన తీగ. వారానికొకటి చేతిలో పెడుతుంది. వద్దనలేడట.

కాళ్ళు పీకుతున్నాయి కదా, ముందు వరుసలో ఒక కుర్చీలో కూర్చోబోయాను. "అండ్ల గాదు, గది పద్మారాణిది. మూడేండ్ల సంది ఖాళీగ ఉంచిన. ఎన్నడన్న వస్తది" అన్నాడు. మరి మా వదినెది ఏదంటే పక్క కుర్చీ చూపించాడు. మూడేళ్ళుగా మీ ఇద్దరి కుర్చీలు పక్కపక్కనే వేస్తున్నాడు. ఎవరైనా మార్చినా మళ్ళీ తెచ్చి అక్కడే వేస్తాడట. ఇదీ, వదినా, నీ సవతి కథ.

తర్వాత పాట పాడాడు. శ్రుతి విషయంలో మీ ఆలుమగలకు దేవుడు మంచి జోడీ కుదిర్చాడు. నేను మీ దేవుణ్ణి మొక్కను, నీకు తెలుసు. కానీ చివర ఆయన "ఆమెన్" అంటే ఇంకో గొంతు లేక బోసిగా ఉందని నేనూ అన్నాను. మా ఆయనకు చెప్పకు.

నీకు చెప్పనని నాతో మాట తీసుకున్నాడు. నేను నోటితో చెప్పలేదు, కాగితం మీద రాశాను. మొగుడూ సంఘపెద్దా వేరైతే నోరూ చెయ్యీ వేరే. నీకు తెలిసినట్టు కనపడనివ్వకు. ఆయనంతట ఆయనే చెప్పేదాకా కనిపెట్టు, మీ అర్థంలో.

నీ పోలీసు,
భాగీరథి

---

సూరత్,
2 నవంబరు 2020

భాగీ,

చదివాను. మొదట కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఆ తర్వాత లేచి సొరకాయ కూర వండాను.

అనుమానించినందుకు ఆయన కాళ్ళు మొక్కాలి. అబద్ధమాడినందుకు ఆయన వీపు పగలగొట్టాలి. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి ఊరుకున్నాను. అయినా నా పక్కన ఆమె కుర్చీ ఏమిటే? కోపం వచ్చింది దానికే ఎక్కువ.

నువ్వు చెప్పినట్టే కనిపెడుతున్నాను. శనివారం సాయంత్రం చొక్కా నేనే ఇస్త్రీ చేసి పెడుతున్నాను. జేబులో కొత్త మాస్కు, చిన్న శానిటైజరు సీసా. నిన్న "కూరగాయలకు గింత సోకెందుకే?" అన్నాడు. "సొరకాయకు మర్యాదుండాలె" అన్నాను. ఒక క్షణం నా ముఖంలోకి చూసి, ఎడమ చెవి వైపు ఏదో అని వెళ్ళిపోయాడు.

స్వరాజ్యం

---

సూరత్,
26 ఏప్రిల్ 2021, సోమవారం

భాగీ,

ఆరు నెలలుగా చిన్న చిన్న కార్డులతో సరిపెట్టాను. ఈ ఉత్తరం మాత్రం కూర్చొని చదువు.

మీ అన్నకు వచ్చింది. గురువారం జ్వరం, శుక్రవారం దగ్గు, పరీక్షలో అదే తేలింది. నాకు లేదన్నారు. బయట అంబులెన్సులు ఆగకుండా తిరుగుతున్నాయట, బాలవ్వ చెప్పింది. ఆ ఒక్క విషయంలో నా చెవులకు దండం పెట్టాను. తెలుగు డాక్టరమ్మ మైథిలి ఫోన్లో మందులు రాయించింది, ఆసుపత్రుల్లో మంచాలు ఎక్కడా లేవు, ఇంట్లోనే చూసుకోండి అంది. శుక్రవారం సాయంత్రం ఆక్సిజన్ తొంభై ఒకటి. ఆయన లోపలి గదిలో, నేను తలుపు బయట చాప మీద. లోపలి నుంచి పిలిచినా నాకు వినపడదు కదా. అందుకని తలుపు కింది నుంచి చీటీలు తోస్తున్నాడు. నీళ్ళు. మాత్ర. తొంభై రెండు. ముప్పై తొమ్మిదేళ్ళలో ఈ మనిషి నాతో ఇంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం చీటీతో పాటు తాళంచెవి వచ్చింది.

"స్వరాజ్యం, నేను ఒట్టు తప్పిన. నలభై ఏడు ఆదివారాలు హాలు తెరిచిన. నీతోటి కూరగాయలకని అబద్ధం చెప్పిన. రేపు తెరవకుంటే పోతది. నిన్ను పొమ్మనే మొఖం నాకు లేదు. చెప్పి పెడుతున్న, అంతే."

పదకొండు నెలలు ఈ మాట కోసం కనిపెట్టాను. వచ్చింది, తలుపు కింది నుంచి, వంకర అక్షరాలతో. చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆ చీటీ వెనకే రాసి తోశాను: "ఎప్పుడో తెలుసు. చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరనుకున్నావ్?"

అవతలి నుంచి ఇంకో చీటీ వచ్చింది. నవ్వితే దగ్గు వచ్చిందట.

ఆదివారం బాలవ్వను గడప దగ్గర కూర్చోబెట్టి హాలుకు పోయాను. నలభై కుర్చీలు వేయడానికి గంట పట్టింది. నడుం విరిగింది. ఈ పనిని ఏడాది పాటు మార్కెట్ అన్నాడు కదా అని మళ్ళీ కోపం వచ్చింది. పేర్లు పిలిచాను. ఊరికి పోయి ఇక రామన్నవాళ్ళున్నారు. రాలేనంత దూరం పోయినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళనూ పిలిచాను. నా పక్క కుర్చీ దగ్గరకు వచ్చి ఆగిపోయాను. చెయ్యి వేయలేదు. "పద్మారాణి. రాలే. యాడొస్తది, నా శ్రుతి పడదాయె" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు.

కళ్ళు మూసుకొని పాట ఎత్తుకున్నాను. నేను పాడింది నాకే వినపడదు కాబట్టి మొహమాటం లేదు. కింద సాంచెలు ఆడుతున్నాయి, అరికాళ్ళకు తెలుస్తోంది. దాన్నే తాళం అనుకొని పాడుతూ పోయాను. రెండో చరణంలో కళ్ళు తెరిచాను.

తలుపు దగ్గర పద్మారాణి. ముఖానికి రెండు మాస్కులు, చేతిలో టిఫిన్ క్యారియర్. మీ అన్నకు జ్వరమని సంఘం గ్రూపులో చూసి ఇడ్లీలూ జావా తీసుకొని మా ఇంటికి పోయిందట. కిటికీలోంచి మీ అన్న "మా ఆమె ఒక్కతే హాలుకు పోయింది" అన్నాడట. మాస్కులు వచ్చాక నాకు ఎవరి పెదాలూ కనపడవు, ఉన్న సగం వినికిడీ పోయింది. ఆమె పాడుతోందో తిడుతోందో తెలియలేదు. చెయ్యి చూశాను. క్యారియర్ మూత మీద తాళం వేస్తోంది. నా పాట కంటే నెమ్మదిగా, మొండిగా, అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ. నేను తగ్గాను. ఇంకొంచెం తగ్గాను. ఆమె తల ఊపింది. మీ అన్న తాళంచెవి పంపితే తాళం కూడా వచ్చింది చూడు.

పాట అయ్యాక నా కుడి చెవి దగ్గరకు వచ్చి, మాస్కులోంచే అరిచింది: "కిందికి ఇనొస్తుంది అక్కా! నీ శ్రుతి భరించలేక మెట్లు ఉరికి ఎక్కిన!"

కుర్చీని ఆరడుగుల దూరం జరుపుకొని కూర్చుంది. నాలుగేళ్ళ దూరం మీద అది నయమే. క్షమించమని ఆమె అనలేదు, నేనూ అనలేదు. క్యారియర్‌లోంచి ఒక ఇడ్లీ ఇచ్చింది. తిన్నాను. "మెత్తగున్నయ్" అన్నాను. ఆమె అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇంతకంటే నా చేత చెప్పించడం ప్రభువు వల్ల కూడా కాదు.

తాళం వేసేటప్పుడు సేఠ్ వాళ్ళమ్మ మెట్ల మీద సొరకాయ పెట్టి ఉంచింది. తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి తలుపు కింద చీటీ ఎదురుచూస్తోంది. "ఎంతమంది?"

రాశాను: "ఇద్దరం. ఒకరికి చెవుల్లేవు, ఒకరికి ఓర్పు లేదు."

కాసేపటికి వెనక్కి వచ్చింది. "గట్లయితే సంఘమే. తొంభై మూడు."

ఈ ఉదయం తొంభై నాలుగు. పద్మారాణి గడప బయట కుర్చీ వేసుకొని కూర్చుంది, నేను లోపల చాప మీద ఉన్నాను. గంటగంటకూ చీటీ వస్తుంది, నేను చదివి ఆమెకు వేళ్ళతో చూపిస్తాను.

కనిపెడుతున్నాం, భాగీ. నువ్వు ఏ అర్థంలో తీసుకున్నా సరే.

మీ వదిన,
స్వరాజ్యం